కవళ్ళు ముట్టని మనిషి

మా ఊళ్ళో ఎక్కడ తింటే బాగుంటుందని అడిగేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఒకటే: సోమవారం చేప జోలికి పోవద్దు. ఆదివారం పడవలు కదలవు. సోమవారం పళ్ళెంలోకి వచ్చే చేప శనివారంది. ఆ సంగతి హోటలువాడు చెప్పడు, మీరు అడగరు. ఊరివాళ్ళు మాత్రం ఆ రోజు చిక్కుడు గింజలూ పంది మాంసమూ కలిపి ఉడికించిన పులుసు తిని ఊరుకుంటారు.

ఇంతకంటే పనికొచ్చే సలహా నా దగ్గర లేదు. అయినా పోయిన ఏడాది వసంతంలో మా బార్రా నోవా పురపాలక సంఘం వాళ్ళు, బడి పంతులమ్మని కాబట్టి, నన్ను పిలిచారు. వేసవికి వచ్చేవాళ్ళ కోసం చిన్న పుస్తకం వేస్తున్నారట. మంచి భోజనం దొరికే చోట్ల గురించి నాలుగు పేజీలు కావాలన్నారు. ఎలా రాయాలో కూడా వాళ్ళే ఒక కాగితం మీద రాసిచ్చారు. అమ్మమ్మల చేతి రుచి ఉండాలి, తరతరాల వంట ఉండాలి, సముద్రం మీద ప్రేమ ఉండాలి. మా ఊరి అమ్మమ్మలు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో రోజుకి పదేసి గంటలు నిలబడి తలకాయలు కోసినవాళ్ళు. ఇంటికొచ్చి వండే ఓపిక ఎవరికుంది? మా అమ్మమ్మ చేతి రుచుల్లో నాకు గుర్తున్నది రొట్టె మీద చల్లిన పంచదార ఒక్కటే. ఇక సముద్రం మీద ప్రేమంటారా, అది పడవల్లో పోయేవాళ్ళని అడగాలి. వాళ్ళలో సగం మందికి ఈత రాదు.

అందుకని ఆ కాగితం అలాగే మడిచి సంచిలో పెట్టుకుని ఇలీదియో వరందాస్ దగ్గరికి వెళ్ళాను.

ఇలీదియోకి డెబ్బై నాలుగేళ్ళు. వలలు దాచే కొట్టు మీద రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. పొద్దున్నే కాఫీ కాచుకోవడం తప్ప ఇంట్లో పొయ్యి ముట్టించడు. ముప్ఫై ఏళ్ళకి పైగా మధ్యాహ్నం భోజనం బయటే. వారంలో ఏ రోజు ఏ హోటలో ఖాయం, ఎంత ఖాయమంటే, పన్నెండున్నరకి ఆయన ఏ వీధిలో నడుస్తున్నాడో చూసి ఆడవాళ్ళు ఈ రోజు ఏ వారమో చెప్పుకుంటారు. మంగళవారం జుల్మీరా దగ్గర వేయించిన చిన్న చేపలూ టమాటా అన్నమూ. శుక్రవారం చర్చి వెనక కొట్లో ఉప్పు వేసి ఎండబెట్టిన కాడ్ చేప, శనగలతో. మధ్యలో ఒక రోజు ఆక్టోపస్. అది ఎక్కడ బాగుంటుందన్నది వంటవాడు ముందురోజు తాగాడా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ రోజు ఒక్కటీ ఖాయం కాదు.

నేను వెళ్ళింది మంగళవారం. జుల్మీరా హోటల్లో ఆయన ఎదురుగా కూర్చుని నోట్‌బుక్ తీశాను.

"రాసుకుంటావా, తింటావా?" అన్నాడు.

"రెండూ."

"రెంటికీ చెడ్డ రేవడివవుతావు పంతులమ్మా. ముందు తిను."

తిన్నాక చెప్పాడు. ఆయన పద్ధతిలో మెనూ చూడటం లేదు. "పక్క బల్ల మీద ముళ్ళు చూడు. దువ్వెనలా శుభ్రంగా ఉన్నాయనుకో, కూర్చో. కండ మిగిలి ఉందనుకో, వాన గురించి రెండు మాటలు మాట్లాడి బయటికి నడువు."

"నా ముళ్ళు లెక్కపెట్టడం అయితే ఆ తలుపు వెయ్యి ముసలాయనా," అని లోపలినుంచి జుల్మీరా అరిచింది. "గాలికి నూనె చల్లారుతోంది."

"నీ నూనె ఈస్టర్ నుంచీ అదే కదా జుల్మీరా. చల్లారనీ, దానికీ కాస్త విశ్రాంతి."

"ఇష్టం లేకపోతే మంగళవారం మార్చుకో."

"ముప్ఫై ఏళ్ళ నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను."

ఆ రోజు నాకు ఏడు చోట్లు చెప్పాడు. ఎక్కడ కిటికీ పక్కన కూర్చోవాలో, ఎక్కడ కూర్చోకూడదో, ఎవరి ఆలివ్ కాయలు నిరుడివో అన్నీ చెప్పాడు. నోట్‌బుక్ మూయబోతూ, "మరి కవళ్ళు?" అన్నాను.

కవళ్ళు, అంటే మా సార్డీన్లు, లేకుండా మా ఊరి భోజనం గురించి రాయడమంటే పెళ్ళికొడుకు పేరు లేకుండా శుభలేఖ వేయించడమే.

"నేను తినను," అన్నాడు.

"మీకు పడవా?"

"పడవని ఎవరన్నారు? తినను అన్నాను."

లోపల జుల్మీరా గరిటె చప్పుడు ఆగింది. నేను నోట్‌బుక్ మూసేశాను. నేను తెలియక అడిగింది కాదు. ఊళ్ళో అందరికీ తెలిసిందే నాకూ తెలుసు. కవళ్ళు కాల్చడంలో ఎర్మీనియాని మించినవాళ్ళు లేరు. రేవు చివర, నీలం తలుపు ఉన్న హోటలు ఆవిడది. బోర్డు లేదు. 1991 జూన్ తర్వాత ఇలీదియో ఆ తలుపు దాటలేదు, ఇంకెక్కడా కవళ్ళు ముట్టలేదు.

అది అర్థం కావాలంటే మా వేలం అర్థం కావాలి. మీకు తెలిసిన వేలంలో ధర పైకి పోతుంది. మా చేపల వేలంలో కిందికి దిగుతుంది. వేలం వేసేవాడు పెద్ద అంకెతో మొదలుపెట్టి ఒక్కొక్కటే దిగుతూ పోతాడు. కావలసినవాడు "షూయి" అని కేకేస్తాడు. ఆ కేక ముందు ఎవరి నోట వస్తే పెట్టె వాళ్ళది. తొందరపడితే చేతి చమురు వదులుతుంది. ఇంకాస్త దిగనిద్దామని ఆగితే పక్కవాడు ఎత్తుకుపోతాడు.

ఇరవై రెండేళ్ళపాటు ఆ అంకెలు దిగింది ఇలీదియో గొంతులోంచే. తెగిన దండలోంచి పూసలు జారినట్టు జారేవట. ఒక ఊపిరికి ఇరవై అంకెలు. తర్వాత గాలి పీల్చుకోవడానికి అర క్షణం ఆగేవాడు. చేయి తిరిగిన కొనుగోలుదారు ఆ అర క్షణం కోసమే కాచుకుని ఉండేవాడు.

ఎర్మీనియా తన హోటలుకి కావలసిన చేప తానే కొనుక్కునేది. పొద్దున్న ఆరింటికి ఆ రేకుల షెడ్డులో రబ్బరు బూట్లేసుకుని నిలబడే ఆడమనిషి ఆవిడ ఒక్కర్తే. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఎనిమిది, ఆయనకి నలభై రెండు. సెప్టెంబరులో పెళ్ళని చర్చిలో చెప్పి పెట్టారు. వేలంలో అందరూ ఇలీదియో నోటివైపు చూస్తుంటే ఆవిడ భుజాలవైపు చూసేది. గాలి పీల్చబోతే ముందు లేచేవి భుజాలే. అవి లేచీ లేవగానే షూయి. అందులో మాయేమీ లేదు, ఎవరైనా చూడొచ్చు. మిగతావాళ్ళకి ఆ భుజాల మీద అంత ధ్యాస లేదు, అంతే.

ఒకరోజు బెలార్మీనో అనే టోకు వ్యాపారి పెద్ద గొంతుతో అన్నాడు: "ఎర్మీనియాకి కావలసిన అంకె దగ్గరే మనవాడికి ఆయాసం వస్తుందేమిటో. పెళ్ళయ్యాక ఉబ్బసం ఖాయం."

షెడ్డంతా నవ్వింది. ఇలీదియో నవ్వలేదు. ఆవిడ కోసం తానెప్పుడూ ఊపిరి ఆపలేదని ఆయన అంటాడు, నేను నమ్ముతాను. కానీ నిజాయితీ ఉన్నవాడికి అది ఉంటే చాలదు, పదిమందికీ కనబడాలి. మా ఊళ్ళో చెడ్డవాళ్ళు చేసిన అన్యాయాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మంచివాళ్ళమని చూపించుకోవడానికి జనం చేసినవాటికి లెక్కలేదు.

మర్నాడు జూన్ ఇరవై మూడు. యోహాను పండుగ ముందురోజు. ఆ రోజు వీధివీధినా కుంపట్లు పెట్టి కవళ్ళు కాలుస్తారు. ఏడాదంతా ఇంట్లో తిన్నవాడు కూడా ఆ మధ్యాహ్నం కుటుంబంతో హోటలుకొస్తాడు. ఆ ఏడు ఉత్తరపు గాలి మూడు రోజులు ఆగకుండా వీచడంతో రెండే పడవలు బయటికి పోగలిగాయి. కవళ్ళది ఒక్క పెట్టె మిగిలింది. ఇలీదియో ఎనభైతో మొదలుపెట్టాడు. అరవై దగ్గర ఆగలేదు. యాభై దగ్గర ఆగలేదు. మొహం ఉడికిన పీతలా ఎర్రబడిందని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఎర్మీనియా భుజాల్ని చూస్తూ నిలబడింది. భుజాలు లేవలేదు. ముప్ఫై ఆరు దగ్గర బెలార్మీనో షూయి అన్నాడు.

ఆ మధ్యాహ్నం నీలం తలుపు ముందు కుంపటి మీద కనగర్తలు కాలాయి. మంచి చేపే, కానీ యోహాను పండుగకి కనగర్త పెట్టడమంటే పెళ్ళిలో గంజి పొయ్యడం. ఏటా వచ్చే కుటుంబాలు మర్యాదకి తలా ఒక గ్లాసు వైను తాగి లేచిపోయాయి. మర్నాడు పొద్దున్న ఆవిడ గుమ్మంలో ఎవరో ఎగతాళికి ఒక సార్డీన్ల డబ్బా పెట్టి పోయారు, ఫ్యాక్టరీ సరుకు. ఆవిడ దాన్ని తీసి గోడ అరలో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇలీదియో ఆ సాయంత్రం వెళ్ళాడు. తలుపు తీయకుండానే ఆవిడ అంది: "వాళ్ళ నోళ్ళకి భయపడి ఊపిరి బిగబట్టావు. నా కోసం ఒక్కసారి వదల్లేకపోయావా?"

"పద్ధతి పద్ధతే," అన్నాడు ఈ మహానుభావుడు.

అదే ఆఖరి మాట. సెప్టెంబరు వచ్చింది, పోయింది. కొన్నేళ్ళకి వేలంలో కంప్యూటర్ పెట్టారు. అంకెలు గోడ మీద వెలుగుతాయి, కొనేవాళ్ళు చేతిలో మీట నొక్కుతారు. షూయి అనేవాడు లేడు. ఇలీదియోని ఐసు తూచే పనికి మార్చారు. చిన్న ఊరు కాబట్టి ఇద్దరూ రోజూ ఎదురుపడతారు. చర్చి మెట్ల మీద నమస్కారం చెప్పుకుంటారు. పంతం గొప్ప గుణమని మా రేవులో పాటలు కట్టేవాళ్ళు అంటారు. నాకలా అనిపించదు. పంతం మధ్యాహ్నం కునుకులాంటిది. మొదట ఒళ్ళు బాగాలేక పడుకుంటాం, తర్వాత అది లేకపోతే పొద్దు పోదు.

జుల్మీరా హోటల్లోంచి లేచి నేను నేరుగా రేవు చివరికి నడిచాను. ఎర్మీనియా బంగాళాదుంపలు కడుగుతోంది.

"మీ హోటలు పుస్తకంలో పెడుతున్నాను," అన్నాను.

"ఎవరు చెప్పారు పెట్టమని?"

"ఊరంతా చెబుతుంది."

"ఊరి మాట ఎందుకు? ఆ జాబితా ఎవరిది?" నేను నోట్‌బుక్ సంచిలోకి తోశాను. "ఆయనదే కదా. జుల్మీరా దగ్గర కూర్చుని రాసుకున్నావని అప్పుడే తెలిసింది నాకు. నా పేరు చెప్పాడా?"

"లేదు."

"అయితే పెట్టకు." ఒక దుంప తీసి వెలుగులో తిప్పి చూసింది. "అయినా ఈ వేసవితో సరి. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. సెప్టెంబరు నుంచి మేనకోడలు కుంపటి పడుతుంది. దానికి చేతులున్నాయి కానీ నిదానం లేదు. కవళ్ళని మూడుసార్లు తిప్పుతుంది."

"ఆయనకి చెప్పనా?"

"నీ నోటికి నేను తాళం వెయ్యగలనా పంతులమ్మా."

తర్వాతి మంగళవారం చెప్పాను. ఇలీదియో ఫోర్కు పళ్ళెం అంచున పెట్టాడు. "మూడుసార్లా?" అన్నాడు.

"మూడు."

"ఒక్కసారే తిప్పాలి."

"ఆవిడా అదే అంది."

ఆ రోజు అన్నం సగం వదిలేశాడు. జుల్మీరా వచ్చి పళ్ళెం చూసి, "ఏమైంది నా అన్నానికి?" అంది. ఆవిడే పళ్ళెం తీసుకుపోయింది.

మా రేవులో ఒక పద్ధతుంది. పడవ మీద పనిచేసినవాళ్ళకి కూలితోపాటు కాసిని చేపలు ఇస్తారు. వాటిని ఏ హోటలుకైనా పట్టుకుపోతే కాల్చి పెట్టాల్సిందే. బంగాళాదుంపలూ రొట్టే వైనూ హోటలువాళ్ళవి, చేప మనది. ఇప్పుడు పడవవాళ్ళే అక్కర్లేదు, ఎవరైనా తేవచ్చు. ఎంత పగవాడైనా చేప పట్టుకుని గుమ్మంలో నిలబడితే నిప్పు లేదనకూడదు. పిలుపుతో పని లేదు, ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. వేలంలో అన్నేళ్ళు మనుషుల్ని చూసినవాడికి ఈ దొడ్డిదారి తట్టకపోతే ఆశ్చర్యపోవాలి. తట్టడానికి ముప్ఫై రెండేళ్ళు పట్టిందన్నదే నాకు ఆశ్చర్యం.

జూన్ ఇరవై మూడు మధ్యాహ్నం నేను నీలం తలుపు ముందు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఎర్మీనియా కుంపటి ముందు నిలబడి విసనకర్రతో బొగ్గులు రాజేస్తోంది. ఇలీదియో ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కాగితం పొట్లంతో వచ్చాడు. పొద్దున్న వేలానికి తానే పోయి, ఎవరినో బతిమాలి మీట నొక్కించి కొన్నాడని తర్వాత తెలిసింది.

"నిప్పు కావాలి," అన్నాడు.

ఆవిడ పొట్లంవైపు చూసింది. "ఎన్ని?"

"డజను."

"పొట్ట శుభ్రం చేయించమంటారా?"

చుట్టూ బల్లల మీద తింటున్నవాళ్ళు ఆగిపోయారు. మా దగ్గర కవళ్ళని కోయకుండానే గళ్ళుప్పులో దొర్లించి అలాగే నిప్పుల మీద పెడతారు. పొట్ట కోయమని అడిగేది పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళే. ఇలీదియోని ఆ మాట అడగడం ఫాదరుగారిని సిలువ గుర్తు వేసుకోవడం వచ్చా అని అడగడం లాంటిది.

ఆయన టోపీ తీశాడు. "మీ ఇష్టం. చాలాకాలమైంది, పద్ధతి మర్చిపోయాను."

"ఆ సంగతి చూస్తూనే ఉన్నాం."

పొట్లం విప్పి ఒక చేప తీసి వీపు మీద బొటనవేలితో నొక్కింది. ఇంకోటి నొక్కింది. "వీటిని ఎవరు ఎంచారు?"

"నేనే."

"కళ్ళు మూసుకుని ఎంచావా? ఈ ఏడు ఉత్తరపు గాలి ఇంకా పట్టలేదు. గాలి లేకపోతే నీళ్ళు చల్లబడవు, నీళ్ళు చల్లబడకపోతే వీటికి మేత లేదు. చూడు, ఒట్టి తోలు. ఇరవై రెండేళ్ళు అమ్మావు కదా, వేలితో నొక్కి చూడాలని తెలియదూ?"

"తొందరపడ్డాను."

"ముప్ఫై రెండేళ్ళు ఆగి, ఇప్పుడు తొందర."

పక్క బల్ల దగ్గర ఎవరికో నవ్వొచ్చింది. దాన్ని వైనుతో కలిపి మింగేశాడు. ఎర్మీనియా ఉప్పు చల్లి చేపల్ని వరసగా నిప్పుల మీద పేర్చింది. ఇలీదియో టోపీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పొగ ఆయన మొహంలోకే పోతోంది, పక్కకి జరగలేదు.

"ఆ రోజు నలభై దగ్గరే నాకు ఊపిరి అయిపోయింది," అన్నాడు. "తీసుకోవాల్సింది. కావాలనే తీసుకోలేదు."

ఆవిడ చేపల్ని ఒక్కసారి తిప్పింది. "తెలుసు. నీ మెడ నరాలు చూశాను."

"ఆ డబ్బా నేను పెట్టింది కాదు."

"అదీ తెలుసు. బెలార్మీనో చచ్చిపోయేముందు తానే పెట్టానని చెప్పాడు."

"మరి?"

"మరి ఏమిటి? డబ్బా గురించి నిన్ను నేనెప్పుడైనా అడిగానా? కూర్చో. నిలబడి తింటే ముల్లు గుచ్చుకుంటుంది."

ఆయన నా బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఆవిడ ఒక మందపాటి రొట్టె ముక్క పెట్టి దాని మీద చేప పెట్టింది. చేప వలిచి తింటుంటే కొవ్వు కింద రొట్టెలోకి ఇంకుతుంది. చేపలన్నీ అయ్యాక ఆఖరున ఆ రొట్టె తింటాం. నిజం చెప్పాలంటే ఆ రొట్టె కోసమే కవళ్ళు తింటాం. యోహాను పండుగకి కవళ్ళ కొవ్వు రొట్టె మీద కారుతుందని మా ఊరి సామెత. నెలని నమ్మి చేప లావెక్కదు. కొన్ని ఏళ్ళలో కారుతుంది, ఎక్కువ ఏళ్ళలో కారదు, జనం మాత్రం ఏటా కారిందనే చెప్పుకుంటారు.

ఇలీదియో నాలుగు చేపలు తిన్నాడు. ముళ్ళు దువ్వెనల్లా వరసగా పెట్టాడు. రొట్టె ఎత్తి వెనక్కి తిప్పి చూశాడు. పొడిగా ఉంది.

"కారలేదు," అన్నాడు.

"కారదని చెప్పాను కదా." ఆవిడ ఇటు తిరగకుండానే బొగ్గులు కెలికింది. "ఆగస్టులో మరియమ్మ పండుగకి రా. అప్పటిదాకా నిలబడతాను. చేప తేవద్దు."

తిరిగి వస్తూ దారిలో అడిగాను, జాబితాలో రాసుకోనా అని.

"ఏమని రాస్తావు? రొట్టె తడవలేదు. తడిసిందని చెప్తే అబద్ధమవుతుంది."

జూలైలో పుస్తకం అచ్చయింది. ఏడు హోటళ్ళున్నాయి, కవళ్ళు లేవు. పురపాలక సంఘంలో ఒకావిడ ఫోన్ చేసి, సార్డీన్లు లేని పుస్తకం చూసి పక్క ఊళ్ళవాళ్ళు నవ్వుతున్నారని కోప్పడింది. అమ్మమ్మలు కూడా లేరని అప్పటికి గమనించినట్టు లేదు.

ఆగస్టు మొదటివారంలో ఉత్తరపు గాలి పట్టింది. పదిహేనో తారీఖున, మరియమ్మ పండుగ నాడు, నేను రేవువైపు వెళ్ళలేదు. ఇద్దరు మనుషులు భోంచేస్తుంటే చుట్టూ నిలబడి చూడటానికి అదేమీ వేలం కాదు. మర్నాడు పొద్దున్న ఇలీదియో మా గుమ్మంలోకి వచ్చి, లోపలికి రమ్మంటే రాకుండా, "రాసుకో," అన్నాడు.

"పుస్తకం అచ్చయిపోయింది కదా."

"అయితే గుర్తుంచుకో. రొట్టె తడిసింది."